నేనెక్కడ ఆగానో చెప్పిన అక్క

ముసురు పట్టి మూసి ఉన్న దుకాణం షట్టరు ఈ పొద్దున ఎత్తగానే మిషన్ నూనె, తడిసిన లైనింగు గుడ్డ, సుద్దముక్క వాసన కలిసి ముక్కుకు తగిలాయి. "గా గడపల నిలబడకు, లోపటికి రా" అనే కసురు వినబడుతుందేమోనని ఒక్క క్షణం చూశాను. ఎక్కడిది! కసిరే మనిషి ఉంటేగా. మహబూబాబాద్‌లోని ఈ ఇరుకు కుట్టు దుకాణం సులోచనక్కది. నేను ఆమె దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని.

నా తలకు దెబ్బ తగిలిన తీరు చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. మరిపెడలో పెళ్లికి పోయి మా ఆయన బండి మీద వస్తుంటే, ఎవరో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. మా వైపు కోతలప్పుడు మామూలే. బండి వడ్ల మీద జారింది, నా తల ఒక రాయికి కొట్టుకుంది. రక్తం చుక్క రాలేదు. అదే నా కొంప ముంచింది. రక్తం కారితే జనం నమ్ముతారు, కారకపోతే ఎవరు నమ్ముతారు? స్కానింగులో ఏమీ లేదన్నారు. కానీ అప్పటి నుంచి పని మధ్యలో నేను మాయమైపోయేదాన్ని. కళ్లు తెరిచే ఉంటాయట, పిలిస్తే పలకనట. తిరిగొచ్చాక రోజంతా నాట్లు వేసినంత అలసట. ఎందుకో డాక్టర్లూ చెప్పలేకపోయారు. మా అత్త కొడకండ్ల నుంచి వచ్చి, నా గుప్పిట్లో ఇనుప తాళంచెవులు కుక్కి, గాలి సోకిందని తేల్చేసింది. మా ఆయనైతే పని ఎగ్గొట్టే నాటకమన్నాడు.

మా శ్రావ్యకు అప్పుడు నాలుగేళ్లు. ఒకరోజు దానికి నీళ్లు పోస్తూ ఆగిపోయాను. చెంబులోని వేడినీళ్లు చల్లార్చకుండానే దాని ముంజేతి మీద పడ్డాయి. నేను తిరిగొచ్చేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. అత్త ఆ సాయంత్రమే దాన్ని కొడకండ్ల తీసుకుపోయింది. "నీ చేతుల పోరి బతకది" అంది. పిల్ల చేతి మీది బొబ్బలు నేనూ చూశాను. ఆ తర్వాత అది నన్ను చూస్తేనే నాయనమ్మ కొంగు వెనక దాక్కునేది. బిడ్డకు నేనంటే భయం పోవాలి, అంతకంటే ఈ బతుకులో నాకింకేమీ వద్దనిపించింది.

సులోచనక్క జాలి మనిషి కాదు. నా జబ్బు సంగతి విని పనిలో పెట్టుకున్న రోజే చెప్పేసింది: "అలిసిపోతే గా గుడ్డముక్కల మూట మీద పండు. పండుకున్నందుకు సిగ్గుపడ్డవనుకో, చెంప పగులుతది." తల బరువెక్కగానే మిషన్ సూదిని గుడ్డలోకి దించమనేది. "సూది పైనుంటే గుడ్డ జరుగుతది. దించితే, నువ్వు మళ్ల వచ్చేదాంక గాడనే ఉంటది." అయినా ఒకసారి దించడం మరిచాను. స్పృహ వచ్చేసరికి అక్క నా చేయి పట్టుకుని పక్కన కూర్చుని ఉంది.

"ఏమైందక్కా?"

"జాకెట్టుకు ఎడమ చెయ్యి అతుకుతున్నవ్. ఆగిపోయినవ్. ఆగేముందు చెయ్యి మూతి గూడ కుట్టి పారేసినవ్."

అది పెళ్లికూతురి జాకెట్టు. నేను ఏడ్చాను. ఇంట్లోవాళ్లు ఏమీ కాలేదని అబద్ధమైనా ఆడేవాళ్లు, లేకపోతే నెత్తి కొట్టుకునేవాళ్లు. ఈమె ఆ రెండూ చేయలేదు, కుట్లు విప్పుకుంటూ కూర్చుంది. నన్నెందుకు పెట్టుకున్నావని ఆ రోజే అడిగాను.

"మా ఆయన భూపాలపల్లిల బొగ్గుబాయి పనికి పోతుండె. పైకప్పు పెల్ల నెత్తి మీద పడ్డది. గాయం మానింది గని, నీ లెక్కనే ఆగుతుండె. 'నాటకాలు బంద్ చెయ్' అని మొత్తుకున్న. ఒకనాడు గట్లనే నడిరోడ్డు మీద ఆగిండు. లారీ ఆగలే." దారం కొరికి తెంపింది. "ఎక్కడ ఆగిండో ఒక్కనాడన్న చెప్పకపోతి ఆయనకు."

ఆ తర్వాత అక్క కొడకండ్ల పోయి మా అత్తతో ఏం కొట్లాడిందో నాకు తెలియదు. ఆదివారం ఆదివారం శ్రావ్య దుకాణానికి రావడం మొదలైంది. మొదట్లో మూలకు నక్కి కూర్చునేది. అక్క దాన్ని నా పక్కకు లాగి చెప్పేది: "మీ అమ్మ ఆగితే ఉరకకు. చెయ్యి పట్టుకో. వచ్చినంక ఎక్కడ ఆగిందో చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, తియ్యగ చెయ్యొద్దు."

ఏళ్లు గడిచాయి. నా జబ్బు తగ్గలేదు, తగ్గుతుందని కూడా ఎవరూ అనలేదు. ఈలోగా అక్కకు కిడ్నీలు పోయాయి. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దుకాణం వెనక గదిలో మంచం వేశాం. ఆమెకు పిల్లలు లేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఊపిరి ఎగపోయడం మొదలైంది. చివరి నీళ్లు పోయడానికి నా చేతికి చెంచా ఇచ్చారు. "ఆగే మనిషికి ఇస్తరా?" అని ఎవరో గొణిగారు. నేను పట్టించుకోలేదు. చెంచా ఆమె పెదవుల దాకా తీసుకుపోవడం గుర్తుంది.

తిరిగొచ్చేసరికి గదిలో ఏడుపులు. అక్క కళ్లు మూసి ఉన్నాయి. నా చేతిలో చెంచా లేదు. పోశానా? పోయలేదా? నన్ను ప్రతిసారీ వెనక్కి పిలిచిన మనిషి గొంతు తడవకుండా పోయిందా? అప్పుడు తెలిసింది, నా చేతిని ఎవరో గట్టిగా పట్టుకుని ఉన్నారని. చూస్తే, ముంజేతి మీద పాత మచ్చ.

"అమ్మా, పెద్దమ్మకు నీళ్లు పోస్తున్నవ్" అంది శ్రావ్య. "సగం పోసినంక ఆగినవ్. పెద్దమ్మ మింగింది. మిగిలిన సగం నేను పోసిన. ఆ సగం మింగలే."

తియ్యగా చేయలేదు నా బిడ్డ.

ఇప్పటికీ ఆగుతూనే ఉన్నాను. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో నేనెక్కడ ఆగానో చెప్పేవాళ్లు లేరు. తల బరువెక్కితే సూది దించుకుంటాను, ఆదివారం శ్రావ్య వచ్చే కొడకండ్ల బస్సు కోసం చూస్తాను.