పక్క చేనులో పడిన నంబరు

మా పాప గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్న ఏడాది అది. డిసెంబరు నెల. కృష్ణా డెల్టాలో వరికోతలు ముగింపుకొస్తున్నాయి. నేను విజయవాడలో ఒక చిన్న మ్యాపింగ్ కంపెనీలో పనిచేస్తాను. ప్రసూతి సెలవు అయిపోయాక వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. పొలాల మీద డ్రోన్‌తో మందు చల్లే వాళ్లకి మ్యాపులు తయారుచేసి పంపడం నా పని. "అయితే డ్రోన్ నువ్వే ఎగరేస్తావా?" అని చుట్టాలు అడుగుతుంటారు. నేను ఎగరెయ్యను. అది ఎక్కడ ఎగరాలో చూపించే బొమ్మ గీస్తాను, అంతే.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ఉపగ్రహ చిత్రం మీద ఒక్కో చేను చుట్టూ గట్ల వెంబడి గీత గీస్తాం. అలా మూసుకున్న ఆకారాన్ని పాలిగన్ అంటాం. దాని మీద కనిపించే నంబరు లేదా పేరు లేబుల్. లేబుల్ ఎక్కడ పెట్టాలో మామూలుగా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఆకారానికి మధ్య బిందువు, అంటే సెంట్రాయిడ్, లెక్కగట్టి అక్కడ రాస్తుంది. నలుచదరంగా ఉన్న చేనుకి ఇది బాగానే ఉంటుంది. కానీ అరటిపండులా వంగిన చేను అయితే ఆ మధ్య బిందువు చేనులో పడదు, వంపు లోపలి ఖాళీలో పడుతుంది. మా వైపు కాలవల పక్కన అలా వంగిన చేలు చాలా ఉన్నాయి. అందుకే లేబుల్ ఆకారం లోపలే ఉండాలనే సెట్టింగ్ నా కంప్యూటర్‌లో ఎప్పుడూ పెట్టే ఉంచుతాను.

రెండో సంగతి. రెండు లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడితే సాఫ్ట్‌వేర్ రెండూ చూపించదు. ముఖ్యమైనది ఏదని మనం చెబితే దాన్ని ఉంచి రెండోదాన్ని దాచేస్తుంది. ఆ రోజు పని ఉన్న చేల నంబర్లు ముఖ్యమని మేం చెప్పి ఉంచాం. అది సబబే అనిపించేది.

ఆ ఉదయం పని కంకిపాడు దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్లో. కోటేశ్వరరావు గారని అరవై దాటిన రైతు. మొక్కజొన్న వెయ్యబోతున్నారు. మా వైపు వరి కోశాక దున్నకుండానే, కొయ్యకాళ్ల మధ్యే మొక్కజొన్న గింజ పెడతారు. దానికి ముందు చేనంతా కలుపు మందు చల్లాలి. అది పచ్చగా కనపడిన దేన్నైనా మాడ్చేసే మందు. ఆయన చేను మా మ్యాపులో నలభై ఏడు. కాలవ వంపుని పట్టుకుని నెలవంకలా ఉంటుంది. ఆ నెలవంక కడుపులో ఇంకో చిన్న చేను ఉంది. అది మస్తాన్ అనే కౌలు రైతుది.

మస్తాన్ మొక్కజొన్న జోలికి పోలేదు, మినుము వేశాడు. మినుము వేసే తీరు వేరు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకి ముందు, ఆ తడిలో విత్తనం చల్లేస్తారు. వరి కోసి మోపులు తీసేసరికి కొయ్యకాళ్ల సందుల్లో మినుము రెండాకులేసి ఉంటుంది. దగ్గరగా వంగి చూస్తేగాని కనపడదు. గట్టు మీద నుంచి చూసేవాడికి, పై నుంచి తీసిన చిత్రంలో చూసేవాడికి ఆ రెండు చేలూ ఒకటే. కోసేసిన వరి, ఎండిన కొయ్యకాళ్లు.

మా డ్రోన్ పైలట్ సురేష్‌కి ఒక మంచి అలవాటుంది. ఎగరేసే ముందు టాబ్‌లో గీసుకున్న దారిని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ రోజు కూడా పంపాడు. "స్టార్ట్ చేస్తున్నాం మేడం. గాలి లేదు." పాపకి ఇడ్లీ మెదిపి పెడుతూ ఆ ఫోటో చూశాను.

నలభై ఏడు అనే అంకె ఒక చిన్న చేను నడిమధ్యలో చక్కగా కూర్చుని ఉంది. దాని మీద డ్రోన్ వెళ్లే దారి పసుపు గీతలుగా అటూ ఇటూ పరుచుకుని ఉంది. కానీ నేను గీసిన నలభై ఏడు చిన్నది కాదు, నెలవంక. ఆ నెలవంక ఫోటోలో పక్కనే ఉంది, పేరూ నంబరూ లేకుండా.

ఏం జరిగిందో క్షణంలో అర్థమైంది. నా కంప్యూటర్‌లో లేబుల్ లోపలే ఉంది. టాబ్‌లోని యాప్ నా లేబుళ్ల చోటుని తీసుకోదు. ఆకారాలు, వాటి పేర్లు, ఏది ముఖ్యమనే వరస మాత్రమే తీసుకుని, లేబుల్ చోటు తనే మళ్లీ లెక్కేసుకుంటుంది. సెంట్రాయిడ్ వెళ్లి వంపు కడుపులో పడింది. అక్కడ మస్తాన్ చేను లేబుల్ అడ్డొచ్చింది. పని ఉన్న నంబరు ముఖ్యం కనుక మస్తాన్‌ది దాగిపోయింది. పూర్వం పని ఉన్న చేనుకి రంగు నింపి పంపేవాళ్లం. ఆ రంగు కింద గట్లు కనపడట్లేదని డ్రోన్ వాళ్లే అంటే తీసేశాం. ఇక మిగిలింది అంకె ఒక్కటే. ఎవరైనా ఆ అంకె ఉన్న చేనునే చూస్తారు.

సురేష్‌కి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎగరేసేటప్పుడు వాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కన పడేస్తారు. మళ్లీ చేశాను. ఇడ్లీ గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది, పాప దాని కోసం ఏడుస్తోంది. పాపని చంకనేసుకుని కోటేశ్వరరావు గారికి చేశాను.

"ఆ, చెప్పమ్మా." వెనకాల లారీ హారన్లు.

"అంకుల్, మీరు చేను దగ్గర ఉన్నారా?"

"లేదమ్మా, విత్తనం కోసమని హనుమాన్ జంక్షన్ వచ్చా. ఆ డ్రోన్ కుర్రాళ్లకి చెప్పే వచ్చాగా, మీ టాబ్‌లో నా చేను ఉంది కదా, కానిచ్చెయ్యండి అని. ఏం, రాలేదా వాళ్లు?"

"వచ్చారండీ. కానీ మీ చేను వదిలేసి వంపులో ఉన్న చేను మీద దారి గీసుకున్నారు."

ఆయన గట్టిగా అరిచారు. "అది మస్తాన్‌దమ్మా! మినుముంది దాంట్లో! ఆపు, ముందా మందు ఆపు!"

"సురేష్ ఫోన్ ఎత్తట్లేదండీ. మస్తాన్ గారి ఇల్లు దగ్గరేనా?"

"కాలవ గట్టునే. పెట్టెయ్, నే చేస్తా."

ఫోన్ పెట్టేశాక ఇక నేను చెయ్యగలిగింది లేదు. సురేష్‌కి మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాను. నాకు పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదో వేలు పెట్టి చూసే అలవాటుంది. మా అత్తయ్య నవ్వుతుంది కూడా. అప్పుడు అలాగే ఆ ఫోటో మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ పసుపు గీతల్లో ఎన్ని అయిపోయాయో ఫోటో చెప్పదు.

చివరికి సురేషే చేశాడు. ఆయాసపడుతున్నాడు.

"మేడం, ఎవరో ఒకాయన చేనుకి అడ్డం వచ్చేశాడు. తలగుడ్డ తీసి ఊపుతూ సరిగ్గా డ్రోన్ కిందకే పరిగెత్తాడు. అది కనిపెట్టి గాల్లోనే ఆగిపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే..."

"చల్లేశారా?"

"గట్టు వైపు కొంచెం పోయింది మేడం. ఒక పట్టీ."

అతని వెనక నుంచి ఇంకో గొంతు వినిపిస్తోంది. "ఇది చేనయ్యా! ఖాళీ అనుకున్నావా? వంగి చూడవయ్యా ఒకసారి, వంగి చూడు!"

ఆఫీసులో మా సార్ నా ఫైలు తెరిచి చూసి, "నీ మ్యాప్‌లో తప్పేం లేదమ్మా" అన్నారు. యాప్ చేసినవాళ్లు తమ లెక్కా తప్పు కాదన్నారు. సురేష్ అంకె చూసి ఎగరేశాడు, అదీ తప్పు కాదు. అందరూ సరిగ్గానే చేశారు, ఒక మనిషి పంట కొంత మాడిపోయింది. మా కంపెనీ తిరిగి విత్తనం ఇచ్చింది. కానీ వరి ఉన్నప్పటి తడి వెళ్లిపోయాక చల్లిన మినుము ఎలా ఉంటుందో ఆ వైపు రైతుని ఎవరినైనా అడగండి.

కొన్ని రోజుల తర్వాత పాపని తీసుకుని అక్కడికి వెళ్లాను. గట్టు పక్కన మాడిన పట్టీ దూరం నుంచి తెలియలేదు. వంగి చూస్తే తెలిసింది. ఒక పక్క పచ్చటి ఆకులు, ఇంకో పక్క కాగితంలా ఎండిన ఆకులు. మస్తాన్ నా పక్కనే నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కోటేశ్వరరావు గారు కూడా వచ్చారు.

"నన్ను క్షమించండి" అన్నాను.

"మీరు ఫోన్ చెయ్యకపోతే మొత్తం పోయేది మేడం" అన్నాడు మస్తాన్. తర్వాత కోటేశ్వరరావు గారి వైపు తిరిగి, "బాబాయ్, నీ నంబరు నా చేన్లో కూర్చుందంటగా. ఇంకేం, కౌలు కూడా నువ్వే కట్టెయ్" అన్నాడు.

"ఊర్కోరా. ఆ రోజు నీకు ఫోన్ చేసేసరికి నా గుండె ఆగినంత పనైంది" అన్నారు ఆయన. "అయినా డ్రోన్ కిందకి పోతారంట్రా ఎవరైనా? తల తెగిపోతే?"

"నిలబడి చూస్తూ ఊరుకోమంటావా?"

టాబ్‌లో కొత్త మ్యాప్ చూపించాను. ఇప్పుడు పని ఉన్న చేను చుట్టూ పంట మీద ఉన్న ప్రతి చేనుకీ లేబుల్ పెట్టాను. పాత మ్యాపులో మస్తాన్ చేను మీద ఉన్నది భూమి యజమాని పేరు, ఆయన ఏనాడూ ఆ గట్టు ఎక్కలేదు. ఇప్పుడు అక్కడ 'మస్తాన్, మినుము' అని ఉంది. మస్తాన్ వంగి చదివాడు, వేలితో తాకాడు. అతని రెండు వేళ్లూ తగిలి బొమ్మ చిన్నదైపోయింది. ఊరంతా కనిపిస్తోంది, పని ఉన్న చేల నంబర్లు అలాగే ఉన్నాయి. మస్తాన్ పేరు మాయమైంది.

"ఇదిగో, మళ్లీ పోయాం" అన్నాడు.

కోటేశ్వరరావు గారు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చిన్న ఆకారం, పట్టనంత లేబుల్. బొమ్మ దూరమయ్యేకొద్దీ ముందు పోయేవి అవే. సాఫ్ట్‌వేర్ తన పని తను చేస్తోంది. కానీ సురేష్ ఎక్కడి నుంచి చూస్తాడో నాకేం తెలుసు? పాపని కోటేశ్వరరావు గారి చేతికిచ్చి, ఆ గట్టు మీదే కూర్చుని ముఖ్యమైనవాటి వరస తిరగేశాను. చల్లకూడని చేను లేబుల్ మొదట కనపడాలి, చల్లాల్సిన దాని నంబరు తర్వాత. రెండూ పట్టకపోతే నంబరే దాగాలి. నంబరు దొరకకపోతే పైలట్ ఆగి ఫోన్ చేస్తాడు. ఆగితే ఎవరికీ నష్టం లేదు.

అప్పటి నుంచి ఏ మ్యాపూ నా కంప్యూటర్‌లో మాత్రమే చూసి పంపలేదు. పైలట్లు వాడే లాంటి టాబ్ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. దాంట్లోకి ఎక్కించి, బొమ్మని చిన్నది చేస్తూ పోతాను. ఏ చేనుకి పేరు పోయిందో, ఏ పేరు గట్టు దాటి పక్కకి వెళ్లి కూర్చుందో చూస్తాను. పేరు లేని చోటు ఖాళీగానే కనిపిస్తుంది, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి మరీను. అందుకే అలాంటి చోటు కనపడగానే ఆ ఊరి రైతుకి ఫోన్ చేస్తాను. మందు గురించి, ఎకరాల గురించి అడగకముందే నేనడిగే మొదటి మాట ఒకటే.

"మీ పక్క చేను ఎవరు చేస్తున్నారండీ? ఏం వేశారు?"