రెండో తునక

నిన్న రాయచూరు స్టేషన్లో నిలబడి ఉంటే, వానలో తడిసిన బొగ్గు వ్యాగన్లు ఎదురుగా వచ్చి ఆగాయి. ఆ వాసన తగలగానే నా చేయి పార కోసం వెతుక్కుంది. నేను రిటైరై చాలా ఏళ్ళయింది కానీ, ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

థర్మల్ ప్లాంటులో బొగ్గు పరీక్షించే ఆఫీసరునని మా ఊరు యరగేరలో చెప్పుకునేవాణ్ణి. నిజానికి నేను వ్యాగనెక్కి పారతో నమూనా తీసేవాణ్ణి. పరీక్షించేది మా కెమిస్టు వీరేశం సార్. ఒకే వ్యాగన్లో ఒక మూల మంచి బొగ్గుంటే, ఇంకో మూల రాయి ఉంటుంది. అందుకని పైపొర తోసేసి, నాలుగు మూలలా, నడుమా తీయాలి. ఒకనాడు ఎండకు తాళలేక ఒకేచోట తవ్వి సంచి నింపుకొచ్చాను. సార్ అందులో చేయి పెట్టి చూశారు. కోప్పడలేదు.

"బొగ్గు మస్తుగున్నది తిమ్మప్పా. మిగిలిన మూలలల్ల ఏమున్నదో బాయిలర్‌నే అడుగుదమా?"

పార తీసుకుని మళ్ళీ వ్యాగనెక్కాను.

సార్ రిటైరయ్యాక ఒకసారి కూరగాయల మార్కెట్లో స్పృహ తప్పి పడిపోయారు. గుండె లయ తప్పుతోందని హైదరాబాదుకు పంపారు. వాళ్ళకు పిల్లలు లేరు. సార్, నేను అమ్మ అని పిలిచే ఆయన భార్య, తోడుగా నేను వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ స్కాన్ చూసి, ఇది సార్కాయిడోసిస్ అనే జబ్బు కావచ్చనీ, దానివల్ల గుండె కండలో అక్కడక్కడ సన్నని గడ్డలు కడతాయనీ, టీబీ కూడా ఇలాగే కనబడొచ్చనీ చెప్పింది. దీనికిచ్చే మందు టీబీ ఉన్నవాడికి ప్రమాదమట. అందుకే తునక తీసి చూడాలంది. మెడ దగ్గరి రక్తనాళం గుండా గుండెలోకి సన్నని పరికరం పంపి, గింజంత తునకలు తీశారు. వాటిలో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది.

అమ్మ ఏడుస్తూ దేవుడికి దండం పెట్టింది. డాక్టరమ్మ మాత్రం, జబ్బు లేనిచోట తగిలి ఉండొచ్చు, స్కాన్లో మచ్చ ఉన్నచోట మళ్ళీ తీద్దామంది. గుండెకు చిల్లు పడే ప్రమాదం కొంచెం ఉందని కూడా దాచలేదు.

"చాలు తల్లీ, ఇంటికి పోతం" అంది అమ్మ.

అప్పుడు నేనే లేచి, వ్యాగన్ సంగతి చెప్పి అందరినీ ఒప్పించానని ఊళ్ళో చెబుతుంటాను. డాక్టరమ్మ నాతో చేయి కలిపిందని కూడా కలుపుతాను. అదంతా ఉత్తదే. నేనప్పటికే సంచి సర్దేసి, రాయచూరు బస్సు ఎప్పుడుందో కనుక్కొచ్చాను. సార్ మంచం మీంచి నన్నే చూస్తున్నారు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏం తిమ్మప్పా, ఒక్క మూలనే తవ్వుకొస్తె నేను నిన్ను ఇంటికి పంపుదునా?"

సంచి కింద పెట్టాను. ఆయన అమ్మవైపు తిరిగారు.

"నాకు గూడ భయమైతున్నది. గని ఏముందో తెల్వకుంట ఎట్ల పండుకునేది? ఇంకొక్కసారి తియ్యనియ్యి."

రెండోసారి తీసిన తునకలో గడ్డలు కనబడ్డాయి. టీబీ కాదని తేల్చుకున్నాక స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు, గుండె లయ తప్పకుండా చూసే యంత్రం అమర్చారు. మాత్రలకు ముఖం పూరీలా పొంగితే, కొత్త అల్లుని లెక్కున్న అని ఆయనే నవ్వేవారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నారు.

చెడ్డ వార్తను ఎవరైనా రెండోసారి అడుగుతారు. మంచి వార్తను కూడా అడగడం నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరి రిపోర్టు బాగుందన్నా, ఎక్కడ చూశారు, ఎట్లా చూశారు అని అడిగి తిట్లు తింటుంటాను. అడిగేటప్పుడు భయమేస్తుంది. ఆయనకూ వేసింది.