మిషను దర్వాజ

నా చిన్నప్పుడు ఒక వానాకాలం మా ఇల్లు వీధి తలుపు లేకుండా గడిపింది. చెద తిన్న పాత దర్వాజ ముసురుకు నాని ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగి పడిపోయింది. మా నాయనమ్మ ఆ ఖాళీలో గోనెపట్టా వేలాడదీసింది. పటేళ్ల ఇంటికి గోనెపట్టా తలుపు! దారిన పోయేవాళ్లు మా మీద గౌరవం కొద్దీ అటు చూడకుండా తల తిప్పుకునేవాళ్లు. చూసి నవ్వినా అంత బాధ ఉండేది కాదు.

మాది శంషాబాదు దగ్గర పల్లె. ఇప్పుడు విమానాలు దిగే వైపు ఒకప్పుడు మా జొన్నచేలు ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి కొన్నిటిని భూపరిమితి చట్టం తీసుకుంది, మిగతావాటిని మా పెద్దల దర్జా తినేసింది. ఇక మిగిలినవి గోడలు బీటలు వారిన పెద్దిల్లు, 'పటేలా' అనే పిలుపు, వంగని నడుము. ఒకరిని ఏదైనా అడగడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. లేకపోతే లేకుండా ఉండేవాళ్లం.

మా ఎదురు వీధిలో వడ్లాయన, అంటే ఊరి వడ్రంగి, ఉండేవాడు. ఊళ్లో నాగళ్లు, బండ్లు, మంచాలు అన్నీ ఆయన చేతిలో పుట్టినవే. ట్రాక్టర్లు వచ్చాక నాగళ్ల పని పోయింది. దర్వాజల పనితోనే ఆయన ఇల్లు గడిచేది. మా వైపు దానికొక ఆచారం ఉంది. కొత్త దర్వాజ కావాలంటే ఇంటి పెద్ద స్వయంగా వడ్లాయన కొట్టానికి వెళ్లి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, అక్కడి చెక్కపొట్టు మీద కింద కూర్చుని అడగాలి. ఎంతటి వాడైనా ఆ ఒక్క పూట కిందే కూర్చోవాలి. దర్వాజ తయారయ్యాక నిలబెట్టేదీ వడ్లాయనే. గడప కింద నవధాన్యాలు పోసి, పైన పసుపు గుడ్డ కట్టి, ఆయన "రాండ్రి" అనేదాకా ఇంటివాళ్లు బయటే నిలబడాలి.

మా ఇంటి కోసం ఆయన అప్పటికే మంచి టేకు దుంగ ఒకటి ఎండబెట్టి ఉంచాడు. పిలుపు కోసం చూస్తున్నాడు. ఆ రోజుల్లో మా తాతయ్యకు జ్వరం. ఆ బాధ్యత మా చిన్నాయన మీద పడింది. ఆయనకేమో కింద కూర్చోవడం నామోషీ అనిపించింది. భూములున్న రోజుల్లో పటేలు కింద కూర్చుంటే అది మర్యాద. అన్నీ పోయాక కూర్చుంటే దిగజారినట్టు కనిపిస్తుందని ఆయన భయం. అందుకని ఎవరికీ చెప్పకుండా గగన్‌పహాడ్ వెళ్లాడు. అక్కడ రోడ్డు పక్కన కోస్తా నుంచి వచ్చిన ఒకాయన కొత్తగా కోతమిషను పెట్టి దర్వాజలు చేసి అమ్ముతున్నాడు. అక్కడ ఎవరి ముందూ కూర్చోనక్కర్లేదు.

దర్వాజ ఎడ్లబండి మీద వచ్చింది. అద్దంలా నున్నగా ఉంది. జనం మూగారు. వడ్లాయన భుజాన బాడిసతో వచ్చి బండి ముందు నిలబడ్డాడు.

"ఏంది పటేలా, పట్నం కోడల్ని తోల్కొచ్చినట్టు తెచ్చిన్రు. మంగళారతి పట్టాల్నా?" అన్నాడు చిన్నాయనను చూసి.

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నాయన గోనెపట్టా వెనక్కి జారుకుని, నన్ను దగ్గరకు లాగి, వడ్లాయనకు ఇక పని లేదని చెప్పి రమ్మన్నాడు. నేను పట్టా తొలగించేలోపే మా తాతయ్య చెయ్యి నా భుజం మీద పడింది. జ్వరంతో అరచెయ్యి కాలిపోతోంది.

"పిల్లగాన్ని ముందట వెట్టి దాక్కుంటవార?" అన్నాడు కొడుకుతో. గొంతు పెంచలేదు.

రుమాలు తెప్పించి తలకు చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆయన అరిచి వడ్లాయనను పంపేస్తాడని జనం అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆయన మాత్రం వడ్లాయన ఎదుట నిలబడి, దర్వాజ తమ ఇంటివాళ్లే తెచ్చారని, ఇంకొకరితో మాట పంపకుండా తానే చెబుతున్నానని అన్నాడు.

వడ్లాయన దర్వాజను పైనుంచి కిందికి తడిమాడు. "మస్తు సాపుగున్నది. అబద్ధమెందుకు, గింత సాపు నా చేతికి రాదు." బాడిస భుజం మార్చుకున్నాడు. "గని పటేలా, నీ ఇంట్ల మిషన్ దర్వాజ వడ్డంక ఇగ ఊర్లె ఎవడొస్తడు నా కొట్టంకు? నా పిల్లలను ఎట్ల సాదాలె? నువ్వే చెప్పు."

ఊళ్లో ఏ తగవు వచ్చినా మా తాతయ్య దగ్గర జవాబు ఉండేది. తప్పో ఒప్పో, ఉండేది. ఆ రోజు అందరి ముందు, నడుము నిటారుగానే పెట్టుకుని, "నాకు తెల్వదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

అక్కడినుంచి నేరుగా వడ్లాయన కొట్టానికి నడిచి, చెక్కపొట్టు మీద కూర్చున్నాడు. వడ్లాయన గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడేం అడుగుతవు? తెచ్చుకుంటిరి గద."

"నా ఎంబడి వస్తవా అని అడుగుతున్న."

గగన్‌పహాడ్ తిరిగి వెళ్తున్న బండిలోనే ముగ్గురం ఎక్కాం. వడ్లాయన మా వైపు వీపు పెట్టి, కాళ్లు వెనక్కి వేలాడేసి కూర్చున్నాడు. బండి కుదిపినప్పుడల్లా మా తాతయ్య పళ్లు బిగించేవాడు. నాకు ఒకటే దిగులు. అడగడం తెలియని మనిషి ఎలా అడుగుతాడు? కాదంటే మేము ఏ మొహంతో తిరిగి వస్తాం?

కోతమిషను చప్పుడుకు చెవులు పగిలిపోతున్నాయి. యజమాని మర్యాదస్తుడే. "ద్వారబంధంలో ఏమైనా తేడా వచ్చిందాండీ?" అంటూ స్టూలు ముందుకు జరిపాడు. మా తాతయ్య కూర్చోలేదు.

"నా కోసం నేనెన్నడు ఎవర్ని అడగలే. గీయన కోసం అడుగుతున్న. చేసుడు నీ మిషన్ చేస్తది, చేస్కో. మా దిక్కు ఊర్లల్ల నిలవెట్టుడు గీయనకియ్యి."

"మా కుర్రాళ్లున్నారు కదండీ. సిమెంటు పెట్టి పూటలో బిగించేస్తారు. ముందు మీరు కూర్చోండి."

"ఈయన పని తేలినంక కూసుంట."

ఆయన నవ్వి, మిషను దగ్గర పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. మా తాతయ్య నిలబడే ఉన్నాడు. వెనక్కి పెట్టిన ఒక చేత్తో రెండో మణికట్టును బిగించి పట్టుకోవడం, నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. ఎదుట ఉన్నవాళ్లకు రుమాలూ నడుమే కనిపించాయి. లోడు దింపేవాళ్లు ఆయన చుట్టూ తిరిగి వెళ్తున్నారు. చెక్కపొడి రుమాలు మీద రాలుతోంది. చాలాసేపటికి వడ్లాయన ఉండబట్టలేక గొణిగాడు.

"కూసో పటేలా. జరమున్నది, గీడనే పడి సస్తవు. నన్ను మళ్ల పాడె గట్టుమంటరు."

మా తాతయ్య పెదవి కొద్దిగా కదిలింది. కూర్చోలేదు.

యజమాని మళ్లీ ఇటు వచ్చేసరికి ముసలాయన అక్కడే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. కొత్తవాళ్లు వచ్చి గడప పెడతామంటే ఊళ్లలో చాలామంది ఒప్పుకోవడం లేదని తనంతట తానే చెప్పాడు. తర్వాత వడ్లాయన వైపు తిరిగి, "రేపు ఉదయం రాగలరా?" అన్నాడు.

"రేపు రాను" అన్నాడు వడ్లాయన. "ముందుగాల మా పటేల్ ఇంటిది నిలవెట్టాలె."

అప్పుడు మా తాతయ్య స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, కూలబడ్డాడు.

మర్నాడు వడ్లాయన మా దర్వాజ నిలబెట్టి, పసుపు గుడ్డ కట్టి, "రాండ్రి" అన్నాడు. ముందు మా తాతయ్య, తర్వాత మేము లోపలికి అడుగు పెట్టాం. చిన్నాయన అందరికన్నా చివర వచ్చాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి దర్వాజలు నిలబెట్టి వడ్లాయన తన పిల్లలను పెంచాడు. తన చేత్తో మాత్రం మళ్లీ ఒక్క దర్వాజ చెయ్యలేదు. మా కోసం ఎండబెట్టిన దుంగ ఆయన కొట్టంలో అలాగే ఉండిపోయింది. దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు ఆయన అటు చూసేవాడు కాదు. మా తాతయ్య గెలిచాడని నేనెప్పుడూ అనుకోలేదు. చేయడం పోయింది, నిలబెట్టడం మిగిలింది. అంతే.

ఇప్పుడు ఆ మిగిలిన దాని వంతు వచ్చింది. నేను ఈ వయసులో, అదే గగన్‌పహాడ్‌లో, తలుపులూ అల్మరాలూ అమ్మే ఒక గోదాములో బిగింపు పనివాళ్లను చూసుకుంటున్నాను. ఎయిర్‌పోర్టు చుట్టూ లేస్తున్న అపార్టుమెంట్లలో తలుపులు ఎక్కించేది మా వాళ్లే. మొన్న కొత్త మిషను దిగింది. గది కొలతలు కంప్యూటరుకు ఇస్తే చాలు. కోత, రంధ్రాలు, బందులు, తాళం, అన్నీ అదే బిగించి చట్రంతో సహా బయటికి పంపుతుంది. గోడలో కూర్చోబెట్టడానికి చేతి పని తెలిసిన మనిషి అక్కర్లేదు. వచ్చే నెల నుంచి మా వాళ్లు రానవసరం లేదని చిన్న యజమాని అన్నాడు.

"గ్రూపులో ఒక మెసేజ్ పెట్టేయండి అంకుల్, అయిపోతుంది."

మంఖాల్ నుంచి వచ్చే పెద్ద మేస్త్రీ నా మొహం చూసి కనిపెట్టేశాడు. "ఏంది సార్, మిషన్ మన బువ్వ గుంజుకుంటదా?" అన్నాడు నవ్వుతూనే. చుట్టూ ఉన్నవాళ్లు డ్రిల్లులు ఆపారు. వచ్చే నెల మాట దాచకుండా చెప్పి, ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదన్నాను. తెలుసుకొస్తానని కూడా చెప్పాను.

ఫోను జేబులో పెట్టుకుని చిన్న యజమాని కూర్చునే అద్దాల గదికి వెళ్లాను. మిషను వద్దని అనలేదు. దాన్ని నడిపే పని, చెడితే సరిచేసే పని మా వాళ్లకే నేర్పించమని అడిగాను. మా ఇంట్లో మా తాతయ్య తర్వాత ఒకరిని ఇలా అడిగింది నేనే అనుకుంటాను. అతను ల్యాప్‌టాప్ మూయకుండా కుర్చీ చూపించాడు.

"ముందు కూర్చోండి అంకుల్, చూద్దాం."

"వాళ్ల పని తేలాక కూర్చుంటాను" అన్నాను.

అతను ఏం చేస్తాడో తెలియదు. నిన్నా నిలబడ్డాను, ఇవాళా నిలబడ్డాను, రేపూ వెళ్తాను. మోకాళ్లు నావి కాబట్టి నొప్పి పెడుతున్నాయి. నడుము మాత్రం ఆ రోజు మా తాతయ్య దగ్గర తెచ్చుకున్నది.