పోతుందని చెప్పని వైద్యుడు

గురువుగారి ఊరు సాదలి నుంచి వచ్చిన మనిషి "మీ గురువు పొయినారప్పా" అన్నప్పుడు నేను చింతామణిలో ఒక వృద్ధుని మోకాలికి వావిలాకు కాపడం పెడుతున్నాను. మూట చల్లారిపోయిందని ఆయన చెప్పేదాకా నా చెయ్యి కదలలేదు. కీళ్లవాతంతో బాధపడేవారికి ఇన్నేళ్లుగా ఆశ్రయమైన వైద్యులు వెంకటరమణప్పగారు ఇక లేరన్న వార్తను మనస్సు ఇంకా అంగీకరించడం లేదు.

గురువుగారు మితభాషి. మందు ఎంత గుణమిచ్చినా "తగ్గుతాది" అనేవారే తప్ప "పోతాది" అన్నమాట ఆయన నోట ఏనాడూ రాలేదు. నూనె ధారాళంగా పోసే మనిషికి మాటల్లో ఈ పిసినారితనమేమిటని యౌవనంలో నాకు విసుగు పుట్టేది.

శిడ్లఘట్టలో నారాయణమ్మ అనే ఆమె పట్టుగూళ్లు ఉడికే తొట్టి దగ్గర కూర్చొని దారం తీసేది. వేడినీళ్లలో ఉన్నంతసేపూ వేళ్లకు హాయి. పని ముగించి బావినీళ్లతో కడుక్కోగానే బిగుసుకుపోయేవి. ఆ ఇంటికి జీవనాధారం ఆ వేళ్లే. చన్నీళ్లు తాకవద్దని, గోరువెచ్చని నూనె రాసి గుడ్డ చుట్టుకొమ్మని, నడుమ నడుమ చేతులకు విశ్రాంతి ఇమ్మని గురువుగారు చెప్పారు. నూనె ఇచ్చి రమ్మని నన్ను పంపారు. నా పాండిత్యం ఊరుకుంటుందా! "మూడు నెల్లకు పూర్తిగా పోతాదమ్మా" అని చెప్పి వచ్చాను.

ఆమె నమ్మింది. మూడు నెలలకు నొప్పి తగ్గింది. పోయిందనుకొని నూనె మానేసి, రెట్టింపు పని ఒప్పుకుంది. వేళ్లు వాచి, దారం కొస పట్టుకోలేని స్థితి వచ్చింది.

సంగతి తెలిసిన రోజే గురువుగారు బస్సెక్కారు. అప్పటికే ఆయన మోకాళ్లనూ వాతం పట్టుకొని ఉంది. బస్సు దిగి, నా భుజం ఆసరాగా ఆమె ఇంటిదాకా నడిచారు.

"మావాడు పోతాదని చెప్పినాడంట తల్లీ. ఆ మాట వాపసు తీసుకొనేకి వచ్చినాను. తప్పు మాది."

"దానికి ఈ కాళ్లతో మీరు రావల్నా అప్పా? ఎవురితోనైనా చెప్పంపితే సాలదా?" అంది నారాయణమ్మ.

"మాట మా ఇంట్లోనించి వచ్చింది కదమ్మా. మళ్లీ తగ్గించుకుందాం. పోతాదని మాత్రం అనుకోవద్దు."

తిరిగి బస్సుదాకా నా భుజం పట్టుకొనే నడిచారు. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. కొన్ని నెలల శుశ్రూష తరువాత ఆమె మళ్లీ తొట్టి దగ్గర కూర్చోగలిగింది.

అంత్యక్రియలు ముగించుకొని వచ్చిన మరునాడు ఆ వృద్ధుడే వచ్చి, "పూర్తిగా పోతాదా అప్పా?" అని అడిగాడు. పోతుందంటే ఎంత సంతోషిస్తాడో ముఖంలోనే తెలుస్తున్నది. "తగ్గుతాదప్పా" అన్నాను. ఆ పుణ్యమూర్తికి నేను సమర్పించగలిగిన అంజలి ఆ ఒక్కమాటే. ఇకపై నేను తప్పు చెబితే, దాన్ని వెనక్కి తీసుకోవడానికి నొప్పి కాళ్లతో నడిచి వచ్చేవారు లేరు.