ముంచే మాట

రుషికొండ తీరంలో పాస్టరుగారు బాప్తిస్మాలిచ్చే ఆదివారాల్లో, జనం అలలకు కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి అర్జునరావు నడుములోతు నీళ్లలో నిలబడతాడు. పడవ మీద బతికే మనిషి. ఆరిపోయిన చుట్టను పంటి కింద పెట్టుకుని, ఒక కన్ను ఎప్పుడూ వచ్చే అల మీదే ఉంచుతాడు. అతనిది ఆ మతం కాదు. బాప్తిస్మమంటే కొత్త పేరు పెట్టడమనుకున్నాడు. ఎవరి తల నీళ్లలోకి వెళ్లినా జబ్బ పట్టి చటుక్కున పైకి లాగేస్తాడు. సముద్రం కొడుకుని మింగినప్పటి నుంచీ ఆ చేతులకదే అలవాటు. "పూర్తిగా మునగనియ్యి అర్జునరావూ," అని ఆ రోజు పాస్టరుగారు విసుక్కున్నారు. "బాప్తిస్మమంటే గ్రీకు భాషలో ముంచడమే."

"ముంచడానికా బాబూ, నన్నిన్నాళ్లూ పిలిసినారు?" అంటూ అర్జునరావు తల తిప్పాడు. వరసలో తర్వాత తెల్లచీరతో నిలబడింది అతని పెళ్లాం ఈశ్వరి. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

"మనోడు ములిగిన నీల్లే కదా ఇవి. నానూ ఓపాలి ములిగి లెగుత్తాను," అందామె నెమ్మదిగా. "నువ్వు బేగి లాగీకు."

ఆమె తల నీళ్లకిందికి వెళ్లింది. జుట్టు నాచులా పైకి తేలింది. పాస్టరుగారు లేపేదాకా అర్జునరావు చేతులు కొయ్యల్లా ఉండిపోయాయి. పెద్ద అల వచ్చి వీపు మీద విరిగితేగాని, దాన్ని తను చూడలేదని అతనికి తెలియలేదు.