పీసు రేటుకి జై కొట్టిన మాస్టారు

మా కటింగ్ మాస్టారు తట్టుకోలేనిది లోకంలో ఒక్కటే: ఎవరైనా ఆయన మాటకి ఔననడం. అలా అన్న మరుక్షణం ఆయన అవతలి పక్షానికి దూకేస్తారు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆయన బల్ల పక్క మిషను మీద ఆరేళ్లు కూర్చున్నదాన్ని, నాకు తెలియదా!

చేరిన మొదటి రోజే అదిరిపోయాను. ఆయన పేపరు చూసి "పన్నులు పెంచారటమ్మా, పట్టపగలు దోపిడీ" అన్నారు. కొత్తదాన్ని కదా, మర్యాదకి "అవునండీ, దోపిడీయే" అన్నాను.

కత్తెర ఠక్కున ఆగింది. "దోపిడీయా? నువ్వు నడిచొచ్చిన రోడ్డు మీ మేనమామ వేయించాడా? ఆస్పత్రి మీ తాతగారు కట్టించారా? నన్నడిగితే ఇంకా పెంచాలి!"

"మీరేగా అన్నారు..."

"అన్నాను. అయితే?"

నోరెళ్లబెట్టి నా మిషను నేను తొక్కుకున్నాను.

ఇంకోసారి ఇస్త్రీ ఆయన "ప్రభుత్వం బ్యాంకులన్నీ అమ్మేయాలి" అన్నాడు. అమ్మకూడదని మాస్టారు గంటసేపు వాదించారు. "సరే మాస్టారూ, ఒప్పుకున్నా" అన్నాడు పాపం ఇస్త్రీ ఆయన. అంతే, మర్నాటికి మాస్టారు అమ్మేయాలనే పక్షం! ఇస్త్రీ ఆయన దిమ్మెరపోయి ఒక కాలరు మాడ్చేశాడు. ఆ తర్వాత మేమంతా తిరగేసి అడగడం నేర్చుకున్నాం. ఫ్యాను వెయ్యాలంటే "చలిగా ఉంది మాస్టారూ" అనాలి.

ఆ విద్య మా పిన్నికి మాత్రం అబ్బలేదు. పిన్ని గుండీలు కుట్టేది. చూపు తగ్గి చెయ్యి నెమ్మదించింది. సరిగ్గా అప్పుడే ఓనరు గారు జీతాల సంస్కరణ అంటూ గోడకి కాగితం అంటించారు. ఒకటో తారీఖు నుంచి నెలజీతాలు ఉండవు, అంతా పీసు రేటు. కుట్టిన ముక్కకి ఇంత. పిన్నికి సగానికి సగం పడిపోతుంది. ఇంటద్దెకి కూడా చాలదు.

ఓనరుతో వాదించగల నోరు మాస్టారిదొక్కటే. అదృష్టం, ఆయన కాగితం చూస్తూనే "అన్యాయం!" అన్నారు. ఎవరూ ఔననకుండా అందరం పళ్లు బిగించుకుని కూర్చున్నాం. పిన్ని మాత్రం రెండు చేతులూ జోడించి, "అక్షరాలా నిజం మాస్టారూ, మా తరఫున మీరే మాట్లాడాలి" అనేసింది.

నేను పిన్ని చెవిలో గొణిగాను. "కొంప ముంచావు పిన్నీ!"

మర్నాడు ఓనరు గారు పెట్టిన మీటింగులో మాస్టారు లేచారు. గొంతు సవరించుకున్నారు. "పీసు రేటు బ్రహ్మాండమైన సంస్కరణ. మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను."

షెడ్డంతా కొయ్యబారిపోయింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆయన పీక పిసికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఓనరు గారి మొహం చాటంత అయింది. "చూశారా! మాస్టారంతటివారే..."

"కాకపోతే అందరికీ పెట్టాలండి. మీ బావమరిది గారు సూపర్‌వైజరు కదా, రోజుకెన్ని ముక్కలు?"

"వాడు... చూసుకుంటాడు."

"సున్నా. రాసుకోమ్మా," అన్నారు నాతో. "ఇక మీరు. రోజుకి పన్నెండు సంతకాలు. సంతకానికి ఎంత ఇద్దాం?"

ఓనరు గారు మండిపడ్డారు. "అన్ని పనులూ ముక్కల్లెక్కన కొలుస్తారా ఎక్కడైనా? అనుభవం ఉండదా? నమ్మకం ఉండదా?"

"ఉంటుందంటారా?"

"ఉండకేం! షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి విలువ ముక్కల్లో తేలుతుందా?"

మాస్టారు పిన్ని వైపు చెయ్యి చూపించారు. "ఈవిడ షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్నారండి."

ఓనరు గారు తెల్లబోయారు. "బావా, ముందా కాగితం తీసెయ్యి" అని బావమరిదే గొణిగాడు. ఓనరు గారు దాన్ని పీకి జేబులో పెట్టుకున్నారు.

నేను తేరుకునేసరికి సాయంత్రమైంది. సంచి సర్దుకుంటుంటే అప్పుడు తట్టింది. షెడ్డులో అందరికన్నా చురుకైన చెయ్యి మాస్టారిదే. పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లి అడిగాను. "మాస్టారూ, పీసు రేటు వచ్చుంటే మీ జీతం రెండింతలయ్యేది కదా?"

"తప్పు!" అని ఇంతెత్తున లేచారు. "రెండింతలని ఎవరు చెప్పారు నీకు? రెండున్నర! నిన్న కూర్చుని పైసలతో సహా లెక్క వేశాను..."

అక్కడ టక్కున ఆగిపోయారు. పిన్నీ నేనూ ఆయన వంకే చూస్తున్నాం. మెడలో వేలాడుతున్న టేపు కోసం బల్ల కింద వెతకడం మొదలుపెట్టారు.