పీ అంటే పాస్

కెనడాలోని బ్రాంప్టన్‌లో పొద్దున ఎనిమిదయ్యేసరికి ఇంగ్లండులో కంచెలు దూకే గుర్రప్పందేలకు వేళవుతుంది. వేర్‌హౌస్ షిఫ్టు దిగిన జయపాల్, సేఫ్టీ బూట్లయినా విప్పకుండా అద్దెకున్న బేస్‌మెంట్ బయటి మెట్ల మీద కూర్చుని, ఫోన్‌లో ఒక్కో గుర్రం పాత రికార్డు చూసి రూళ్ల నోట్‌బుక్కులో ఎక్కిస్తాడు. గుంటూరులో ల్యాబ్ రికార్డు రాసినంత శ్రద్ధ. పేరు పక్కన F కనిపిస్తే ఎర్రపెన్నుతో కొట్టేస్తాడు, P ఉంటే టిక్కు పెడతాడు. ఆ రోజు వరసగా మూడు P లున్న గుర్రం దొరికింది. కాలేజీ ఫీజుకి అదే ఆఖరి రోజు, కట్టకపోతే స్టడీ పర్మిట్ పోతుంది, దేశం వదలాలి. చేతిలో ఉన్నది సగానికైనా చాలదు కాబట్టి అదంతా ఆ గుర్రం మీదే పందెం పెట్టాడు. నాలుగో కంచె ముందు జాకీ కళ్లెం లాగి, గుర్రాన్ని పక్కకు నడిపించుకుపోయాడు.

చెత్తబుట్టతో బయటికొచ్చిన ఇంటి ఓనరు యోగానంద్ గారు, ఒకప్పుడు మలక్‌పేట రేసులు వదలని మనిషి, నోట్‌బుక్కులోకి తొంగిచూశారు. “P అంటే పాస్ అనుకున్నవా బాబూ? పుల్డప్. పరిగెత్తలేక మధ్యలో ఆపేసినట్టు.”

“మరి F అంటే ఫెయిల్ కాదా అంకుల్?”

“పడ్డట్టు. పడ్డది లేస్తది, ఇంకో రోజు గెలుస్తది.”

జయపాల్ ఎర్రగీతల పేజీని అరచేత్తో మూశాడు. తలెత్తకుండానే అడిగాడు. “ఆపేసిన గుర్రాన్ని ఇంటికి పంపించేస్తారా అంకుల్?”